బెంజ్ సర్కిల్ దగ్గర పైనా, కిందా?

పొద్దున్న ఏడింటికి అక్క కూచిపూడి నుంచి ఫోన్ చేసింది. ఆదివారం ఇంటికొచ్చి, తిరిగి వెళ్తూ గజ్జెలు మర్చిపోయింది. పదకొండింటికి డాన్సు పరీక్ష. అక్కడ ఒకరి గజ్జెలు ఇంకొకరు కట్టుకోరు, అవి లేకపోతే ఈ ఏడు పరీక్ష పోయినట్టే. నేను వాటిని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని ఏడున్నరకి మైలవరంలో బయల్దేరాను. బస్సు కోసం ఆగకుండా, మామిడికాయలతో తెనాలి వెళ్తున్న మా వీధి ఏసుబాబు అన్న వ్యాన్ ఎక్కాను.

"ఎక్కడ దిగుతావురా?"

"బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ దగ్గరన్నా." బెజవాడ నుంచి కూచిపూడి వైపు వెళ్లే బస్సులు దాని కిందే ఆగుతాయి.

మా ఊళ్లో కాలువ మీద ఉన్నదాన్ని వంతెన అంటాం. బెజవాడలో కృష్ణ మీదది వారధి, రోడ్డు మీద రోడ్డు వేస్తే ఫ్లైఓవర్. పేపర్లో పైవంతెన అని రాస్తారు గానీ, ఎవరూ అలా అనగా నేను వినలేదు. తొమ్మిదింటికి వ్యాన్ దాని మొదట్లోకి వచ్చింది. కిందనుంచి పోనివ్వమని చెప్పాలి. అన్న టైర్ల రేట్ల గురించి చెబుతున్నాడు, మధ్యలో మాట్లాడడానికి నాకు నోరు రాలేదు. వ్యాన్ పైకెక్కేసింది.

"అన్నా, నేను దిగాలి..."

"ఓరి నీ! ముందు చెప్పొద్దా? ఫ్లైఓవర్ అంటే సరిపోద్దా, కింద అనాలి గదరా! ఇక్కడ ఆపితే వెనకోడు గుద్దేస్తాడు."

బెంజ్ సర్కిల్ మా కింద నుంచి వెళ్లిపోయింది. వారధికి ఇవతల దింపాడు. రోడ్డు దాటి షేర్ ఆటో దగ్గర నిలబడ్డాను. లోపల పూలబుట్టతో కూర్చున్న ఒకావిడ, "ఏం బాబూ, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా? ఎక్కడికో చెప్పు" అంది.

"బెంజ్ సర్కిల్ అండీ. కింద."

"నేనెప్పుడూ కిందేనండీ," అన్నాడు ఆటో ఆయన. "పైనెక్కితే బేరాలెక్కడ దొరుకుతాయి?" ఇరవై తీసుకున్నాడు.

తొమ్మిదిన్నరకి బస్సు దొరికింది. ఉయ్యూరులో ఆగింది, పామర్రులో ఇంకాసేపు ఆగింది. కూచిపూడిలో దిగేసరికి పదకొండు దాటింది. పరుగెత్తాను. అక్క పరీక్ష గది గుమ్మంలోనే ఉంది. ఆమె నంబరు ఒకసారి పిలిచేశారట, వాళ్ల మాస్టారు బతిమాలితే ఆమె వంతు అందరి తర్వాతకి మార్చారు. గజ్జెలు కళ్లకద్దుకుని కట్టుకుని లోపలికెళ్లింది. నేను వసారాలో కూర్చున్నాను. లోపల గజ్జెల చప్పుడు మొదలై, ఎక్కడా తడబడకుండా చివరిదాకా వినిపించింది. తర్వాత చెమటతో బయటికొచ్చి, "ఏమన్నా తిన్నావంట్రా?" అని అడిగింది.

నాకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే ఇప్పటికీ భయమే. కానీ ఆ రోజు నేను నోరు మూసుకున్నది ఒక్క నిమిషం, దానికి మూల్యం అక్క చెల్లించాల్సి వచ్చేది. మీరు కూచిపూడి వెళ్తుంటే, ఎక్కిన బండి ఏదైనా సరే, ఫ్లైఓవర్ కనబడక ముందే "కిందనుంచి పోనివ్వండి" అని డ్రైవరుకు చెప్పండి.