సిస్టంకు ఎంత ఉండాది?

"నాయన పోయినాడురా" అని అక్క ఫోన్ చేసినప్పుడు నేను కాట్పాడి స్టేషన్‌లో బండి దిగుతున్నాను. ఆయన అక్కకు తండ్రి, నాకు పెద్దనాయన, మా నాన్నకు అన్న. వేలూరు దగ్గర గుడియాత్తంలో లుంగీలు నేయించేవాడు.

ఆయన మగ్గాలన్నీ ఒక పాత కంప్యూటర్‌ను నమ్ముకుని నడిచేవి. అంచు డిజైన్ల కోసం మగ్గాలకు తగిలించే అట్టలకు చిల్లులు పొడిచే మిషన్ దాని మాటే వినేది. దాన్ని నడిపే పాత లినక్స్ ప్రోగ్రాం తీసేస్తే డిజైన్లన్నీ పోయినట్టే. పోయిన ఎండాకాలం మధ్యాహ్నమయ్యేసరికి అది ఉన్నట్టుండి ఆరిపోవడం మొదలుపెట్టింది. అట్టలు రాకపోతే మగ్గాలు నిలిచిపోతాయి. కొత్తది కొనమన్నారు అందరూ. పెద్దనాయన మాత్రం, బిడ్డకు జ్వరం చూసినట్టు పెట్టెకు చేతి వెనకవైపు ఆనించి చూసి, నన్ను పిలిపించాడు. నేను వేలూరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను.

"పారేసేది ఎంతసేపు నాయనా? యాడ కాలతా ఉండాదో ముందు చూడు."

లోపలి వేడి చెప్పే సెన్సర్లు ఉండనే ఉన్నాయి గానీ లినక్స్ వాటిని గుర్తించలేదు. వెతికే ప్రోగ్రాం నడిపితే అది వెతకనా, ఇది వెతకనా అని ప్రశ్న మీద ప్రశ్న. "ఏమప్పా, పిల్లనిచ్చేవాళ్ళ మాదిరి ఇన్ని అడగతాది!" అని విసుక్కుంటూనే అన్నింటికీ అవునని కొట్టించాడు. ఒకచోట సిస్టం బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ పెట్టాం. చివరికి సెన్సర్ల చిప్ పేరు తెలిసినా, దాన్ని చదివే డ్రైవర్ ప్రోగ్రాం ఎక్కలేదు. బోర్డులోని సొంత ప్రోగ్రాం ఆ చిప్‌ను వదలడం లేదు. నాకు ఓపిక చచ్చింది. "ఇంకో తూరి చూద్దాం" అన్నాడాయన, కుర్చీ దగ్గరికి లాక్కుని. సిస్టం మొదలయ్యేటప్పుడే ఆ పట్టు సడలించమని ఒక లైన్ చేర్చాక అంకెలు వచ్చాయి.

ఒకటి సున్నా కంటే కిందికి చూపించింది. తీగ తగిలించని సెన్సర్ అది. "మనం వేలూరు ఎండలో చస్తా ఉంటే ఇదొకటి ఊటీలో కూసోనుండాది!" అని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అసలు ప్రాసెసర్ మాత్రం తొంభై డిగ్రీలు దాటింది.

నవ్వు ఆపి, పెట్టెకు తొడిగిన లుంగీ గుడ్డ వైపు చూశాడు. మగ్గాలున్న మా ఇళ్ళలో నూలుదుమ్ముకు భయపడి టీవీకీ మిక్సీకీ అన్నింటికీ లుంగీ తొడుగులే. సిస్టంకైతే తన మొదటి డిజైన్ లుంగీనే కుట్టించాడు, నడుస్తున్నప్పుడు కూడా తియ్యనిచ్చేవాడు కాదు. దాన్ని లేపగానే అంకె మా కళ్ళముందే దిగింది.

"అయ్యో, నా చేత్తోనే దానికి ఊపిరాడకుండా చేస్తినే!"

కత్తెర తెచ్చి ఆ లుంగీని వెనకవైపు కోసి, దోమతెర గుడ్డ వేసి తానే కుట్టాడు. ఆ తర్వాత మగ్గాలు ఆగలేదు.

చివరి రోజుల్లో ఒకనాడు వేలూరు ఆస్పత్రిలో నర్సు ఆయన జ్వరం ఎంతో చెబితే, నా వైపు తిరిగాడు. "అది ఉండనీ. సిస్టంకు ఎంత ఉండాది?"

ఇంట్లో ఉన్న అక్కకు ఫోన్ చేసి కనుక్కుని, "బాగుంది పెద్దనాయనా" అన్నాను.

"అంకె చెప్పు."

చెప్పాను. తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. పట్టిన పని వదలకుండా కూర్చోవడం నాకు నేర్పింది ఆయనే. ఆయన లేని లోటు నాకు తీరేది కాదు.

కర్మాంతరం అయ్యాక, ఆ పాత పెట్టె ఇంకెందుకని బంధువులెవరో అన్నారు. అక్క లోపలికి వెళ్ళి సిస్టం ఆన్ చేసింది. అంకె తెర మీద కనబడుతూనే ఉంది. అయినా ముందు చేతి వెనకవైపు పెట్టెకు ఆనించి, కాసేపు అలాగే ఉంచింది. తర్వాత తెర వైపు చూసి, గట్టిగా, లోపలి గదిలోంచి ఎవరో అడిగితే జవాబిచ్చినట్టు చెప్పింది.

"నలభై రెండు, నాయనా."