చెప్పుల పక్క కుర్చీ

మా నాన్న వినయానికి మా ఊరి చర్చిలో పెద్ద పేరు. ఆయన సంఘ పెద్ద. ముందు వరుసలో, పాస్టరుగారి పక్కన కుర్చీ ఆయనది. అయినా ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట చాప మీద చతికిలబడేవాడు. విందుకెళ్తే కడపటి చోట కూర్చో, పిలిచినవాడే పైకి రమ్మంటాడని ప్రభువు చెప్పాడు కదా. పాత పాస్టరుగారు "ముందుకు రండి పెద్దయ్యా" అని పిలిచేవారు. నాన్న చేతులు జోడించి, వద్దన్నట్టు తలూపేవాడు. మళ్లీ పిలిచేవారు. మూడో పిలుపుకి లేచి, పంచె దులుపుకుని, అందరి మధ్యలోంచీ నడిచి వెళ్లేవాడు. ఆ నడక కోసమే పంచెకి ఇస్త్రీ అని అమ్మ దెప్పేది.

తర్వాత ఆమదాలవలస వైపు నుంచి కొత్త పాస్టరుగారు వచ్చారు. కుర్రవాడు, మంచివాడు. మూడుసార్లు పిలవాలని ఆయనకెవరూ చెప్పలేదు.

మొదటి ఆదివారం నాన్న పాటలయ్యేదాకా చూశాడు, ప్రసంగం అయ్యేదాకా చూశాడు. గట్టిగా దగ్గాడు. ఎవరో మంచినీళ్లు అందించారు.

ఇంటికొచ్చాక అమ్మ అన్నం వడ్డిస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏటయ్యా, ఇయ్యాల సెప్పులకి కాపలా కాసినావేటి?"

నాన్న కంచం తోసేశాడు.

"నువ్వే లేసి ముందుకెల్లు. ఎవులొద్దన్నారు?"

"పిలవకుండా ఎలాగెల్తానే? నాకు మర్యాద లేదేటి?"

కొన్ని వారాలు ఇదే తంతు. ఒకరోజు పాస్టరుగారు ప్రసంగం మధ్యలో నాన్న వైపు చెయ్యి చూపించారు. "వినయం ఎలా ఉంటుందో చూడాలంటే గుమ్మం దగ్గర చూడండి" అన్నారు. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెప్పించి, చెప్పుల పక్కనే వేయించారు. ఇకమీదట ఆ చోటు పెద్దయ్యదేనన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో, అప్పటికే నాన్న కుర్చీలో చేరిన రైసుమిల్లు యజమాని సర్దుకుని కూర్చున్నాడు. నాన్న పళ్లికిలించాడు. వద్దంటే గర్వం బయటపడుతుంది మరి.

నాకు జాలెయ్యలేదు. చిన్నప్పుడు నా పాటని ఎవరో మెచ్చుకుంటే నేను మురిసిపోయానని, గర్వం అణుచుకోమని నన్ను సంఘమంతటి ముందు మోకాళ్ల మీద నిలబెట్టినవాడు ఆయన. ఇప్పుడు నీ వంతు అనుకున్నాను. హాయిగానే అనిపించింది.

ఏళ్లు గడిచాయి. చెవులు మందగించాక కూడా, ఆరాధన మొదలయ్యే వేళకి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగేవాడు.

"నన్నేటైనా పిలిసినారేటే?" అని నన్నడిగేవాడు.

"నేదు నాయినా" అనేదాన్ని. ఆ మాట అన్న ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేసేది. కానీ నాన్నని ముందుకి పిలవమని పాస్టరుగారితో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ మాట చెప్పడానికి నాకూ అహం అడ్డొచ్చింది, ఆయన కూతుర్నే కదా.

కిందటి వానల్లో నాన్న చనిపోయాడు. పెట్టెను చర్చిలోకి తెస్తుంటే పాస్టరుగారు వేదిక దగ్గర నుంచి పిలిచారు. "పెద్దయ్యని ముందుకు తీసుకురండి."

అమ్మ మోసేవాళ్లకి అడ్డంగా నిలబడింది. ఆమె గొంతు వాళ్లకీ నాకూ తప్ప ఎవరికీ వినబడలేదు.

"ఒద్దు బాబూ. ఆ కుర్సీకాడే దించీండి. బతికున్నన్నాళ్లూ పిలవనేదు. ఇప్పుడు పిలిస్తే ఆయనకి ఇనబడతాదా?"

పెట్టెను చెప్పుల పక్కన దించారు. అది చూసి పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు.

"చూశారా! చనిపోయాక కూడా కడపటి చోటే కోరుకున్నాడు" అన్నారు.

సంఘమంతా ఆమేన్ అంది.