మైలపడిన ప్రోగ్రామ్

ఆ రోజుల్లో కంప్యూటర్ మొరాయిస్తే దాని ముందు కూర్చున్నవాడే చెడగొట్టాడని లెక్క. బాన్సువాడలో మా బావ పెట్టిన డీటీపీ షాపులో అలా కూర్చునేవాణ్ణి నేను. బావ అంటే మా అక్క భర్త. ఈ మధ్యే పోయాడు. వచ్చినవాళ్లు ఆయన మంచితనం గురించి మాట్లాడుతుంటే నాకు ఆయన కాలు నిలవని తనమే గుర్తొచ్చేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఏదో పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీతో మా కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించాం. (నేర్చుకున్నానని నేను, నేర్పించానని ఆయన చెప్పుకునేవాళ్లం. ఇద్దరికీ రాదు.)

మాకు దొరికిన మొదటి పెళ్లి కార్డు బీర్కూర్ వైపు రైతు ఒకాయనది. కోస్తా నుంచి వచ్చి, క్యాంపు అని పిలిచే వలస పల్లెలో ఉంటూ కాలువ కింద వరి వేసుకునే కుటుంబం. అంతకు ముందు వారమే నేను ఎవరిదో దినాల కార్డు కూర్చాను. ఆ సంగతి బావను పట్టుకుంది. "చావు కార్డు జేసిన దాంట్లనే పెండ్లి కార్డు జేస్తవారా? మైల గాదు? కొత్త ప్రోగ్రాం ఎక్కియ్యి, గా పాతది మొత్తానికే తీసెయ్యి" అన్నాడు. కొత్తది ఎక్కించి, అందులో పెళ్లి కార్డు కూర్చి, సాయంత్రం వెళ్లబోయే ముందు పాతదాన్ని దాని ఫైళ్లన్నిటితో సహా తుడిచేశాను. ఎంత శుభ్రంగా తుడిచానో అని నాకే ముచ్చటేసింది.

మర్నాడు శుక్రవారం. పెళ్లికూతురి తండ్రి పసుపు గిన్నెను తువ్వాలులో చుట్టుకుని పొద్దున్నే వచ్చాడు. మొదటి కార్డు అంచులకు పసుపు రాసి దేవుడి ముందు పెట్టాకే మిగతావి పంచుతారు. పదిన్నరకు రాహుకాలం. ఇంటికి వెళ్లేసరికి ఘడియ దాటుతుందని మా షాపులోని పటం ముందే పెడతానన్నాడు. "ఇది తప్పితే మళ్లీ వచ్చే వారమేనంట బాబూ. అప్పుడు పంచితే చుట్టాలెప్పుడొస్తారు? మీవల్ల కాదంటే చెప్పండి, నిజామాబాద్‌లో వేయించుకుంటా" అన్నాడు. బావ ముఖం వాడిపోయింది. మొదటి పెళ్లి కార్డే చేజారితే ఇక దినాల కార్డులే గతి.

నేను ప్రోగ్రామ్ తెరవబోయాను. ఫలానా ఉమ్మడి ఫైలు దొరకలేదని ఒక్క వాక్యం వచ్చి ఆగిపోయింది.

"దొరకకపోవుడేంది? రాత్రి తాళం నేనే ఏసిన!" అన్నాడు బావ. ఆయన గుమ్మం దాకా వెళ్లి వస్తున్నాడు, గడియారం చూస్తున్నాడు, మళ్లీ వెళ్తున్నాడు. అదే పేరుతో, చివర అంకె మాత్రం వేరుగా ఉన్న ఫైలు ఒకటి కనపడితే దానికే పోయినదాని పేరు తగిలించాను. ప్రోగ్రామ్ తెరుచుకుంది. బావ దండం పెట్టాడు. అచ్చు నొక్కగానే మూసుకుపోయింది. బావ చేతులు అలాగే ఉన్నాయి.

అప్పుడు వెలిగింది. ఆ ఫైలు పాత ప్రోగ్రామ్ ఒక్కదానిది కాదు. కొత్తది కూడా దాన్నే వాడుకుంటుంది. నేను చావు ఇంటిని కడుగుతూ పెళ్లి ఇంటి పొయ్యి కూడా ఆర్పేశాను. పాత ప్రోగ్రామ్ ఉన్న ఆ పత్రిక సీడీ అందుకోబోతే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "గది ముట్టకు! మళ్ల గా మైలదే తెస్తవా?"

"అది లేకుంటే కార్డు రాదు బావా."

"ఇంకోటి లేదా?"

పెద్దాయన గిన్నె మోకాలి మీద పెట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సంగతేమిటని అడిగాడు. చెప్పాను. "ఓస్, ఇంతేనా! మా క్యాంపులో వంట గుండిగలు ఒకటే జత బాబూ. దినానికీ అవే, పెళ్లికీ అవే. తోమి, పసుపు రాసి పొయ్యెక్కిస్తాం. కానీండి, టైమవుతోంది" అన్నాడు.

బావ చెయ్యి వదిలాడు. సీడీలోంచి ఆ ఫైలు తెచ్చి దాని చోట పెట్టాను. అయినా దొరకలేదనే అంది. "ఎదురుగ ఉంటే కనవడ్తలేదా దానికి?" అని బావ తెర మీదకు వంగాడు. తెచ్చి పెడితే చాలదు, వచ్చిందని కంప్యూటర్‌కు కబురు చెప్పాలి. దానికొక ఆజ్ఞ ఉంది, ఎల్డీకాన్ఫిగ్. తొందరలో ఒకసారి తప్పు కొట్టి, రెండోసారి సరిగ్గా కొట్టాను. కార్డు బయటికొచ్చింది. రాహుకాలానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. పెద్దాయన కార్డుకు పసుపు రాసి పటం ముందు పెట్టాడు. వేళ్లకు మిగిలిన పసుపు ప్రింటర్‌కు పూశాడు.

ఆయన వెళ్లాక బావ స్టూలు దగ్గరికి లాక్కుని మెల్లగా అన్నాడు. "పాతది తీసెయ్యమన్నది నేనే అని మీ అక్కకు చెప్పకురా. ఏడాది దాక ఎక్కిరిస్తది."

చెప్పలేదు. ఆమె షాపు సంగతులు అడిగినప్పుడల్లా మాట మార్చేవాణ్ణి. మొన్న, పరామర్శకు వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయాక, ఇంకెందుకు దాచడమని చెప్పేశాను. అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది.

"ఆనాడు సాయంత్రమే చెప్పిండు. తుడిసింది నువ్వు గదా, సిగ్గుపడ్తవని, నిన్ను అడగద్దన్నడు."

ఇన్నేళ్లూ నేను దాచిపెట్టినదాన్ని వాళ్లిద్దరూ నా నుంచి దాచిపెట్టారు. ఎంత గంభీరంగా మాట మార్చేవాణ్ణో తలుచుకుంటే నాకూ నవ్వొచ్చింది.