తనిఖీ బాబాయిగారి విడిది

ఆ రోజుల్లో మా ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉన్నది నా ఒక్కదాని దగ్గరే. కొత్తగా ఉద్యోగంలో చేరి మొదటి జీతంతో కొనుక్కున్నానేమో, ప్రపంచమంతా అందులోనే ఉందనీ, దాన్ని వేలితో నెట్టడం చేతకానివాళ్ళంతా పాతకాలం మనుషులనీ గట్టి నమ్మకం. (ఆ పాతకాలం మనుషుల్లో మొదటివాడు మా నాన్న.) మా ఊరు నందిగామలో అక్క పెళ్ళి కుదిరినప్పుడు, రాజమండ్రి నుంచి వచ్చే మగపెళ్ళివారికి గదులు చూసే పని నేనే నెత్తినేసుకున్నాను. "ఒకసారి వెళ్ళి మనిషితో మాట్లాడి రామ్మా" అన్నాడు నాన్న. నేను నవ్వి ఫోను చూపించాను.

మేం క్రైస్తవులం. మా పెళ్ళిళ్ళకి తేదీ అంటే చర్చికీ, పాస్టరు గారికీ, వంటవాళ్ళకీ ఖాళీ ఉన్న రోజు. పంచాంగం తిరగెయ్యడం మా ఇంటా వంటా లేదు. తీరా చూస్తే ఆ రోజు ఆ నెలకంతటికీ పెద్ద ముహూర్తం. నందిగామలో ఒక్క గదీ దొరకలేదు. యాప్‌లో మాత్రం జగ్గయ్యపేటలో ఒక లాడ్జి మూడు గదులు ఇస్తానంది. ఫొటోలో తెల్లటి దుప్పట్లు, మంచం మీద హంసలా మడిచిన తువ్వాలు. టక్కున బుక్ చేసి వీధంతా చెప్పుకున్నాను.

పెళ్ళి ముందురోజు పొద్దున్నే ఆ లాడ్జికి వెళ్ళి మేనేజరుకి ఫోను చూపిస్తే ఆయన జాలిగా చూశాడు. "ఆ యాపులోంచి మేం తప్పుకుని చాన్నాళ్ళయిందమ్మా. పెద్ద ముహూర్తం కదా, పెళ్ళోళ్ళు ఎప్పుడో వచ్చి మాట్లాడుకుపోయారు" అన్నాడు. నా మొహం చూసి ఏమనుకున్నాడో, మేడ మీద చివర్న ఎవరూ వద్దన్న గది ఒకటి తాళం తీశాడు. మిగతా చుట్టాలని నాన్న అప్పటికప్పుడు మా వీధిలో ఇళ్ళల్లో సర్దేశాడు. పరాయి ఇళ్ళల్లో దిగే అలవాటు లేదని ముందే కబురు పెట్టిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు, ఆ గది ఆయనకి మిగిలింది. ఆయన మా కాబోయే బావకి మేనమామ, రిటైరైన హెడ్మాస్టరు. ఎవరింటికి వెళ్ళినా కిటికీ మీద వేలితో గీసి దుమ్ము చూస్తారట. అందుకే మేం చాటుగా తనిఖీ బాబాయిగారు అనుకునేవాళ్ళం.

ఆ గదిలో ఫ్యాను తనకి బుద్ధి పుట్టినప్పుడు తిరిగేది. స్నానాలగది తలుపు మూసి ఉండాలంటే బకెట్టు అడ్డం పెట్టాలి, పెడితే నీళ్ళు పట్టుకోవడానికి బకెట్టు ఉండదు. సిమెంటు లారీలు పోయే వైపు కిటికీ. బాబాయిగారు వస్తూనే దాని మీద వేలు గీశారు. వేలు తెల్లబడింది. ఆ వేలు చూసుకుని, తర్వాత నన్ను చూశారు. మగపెళ్ళివారి నోట ఒక్క మాట వచ్చినా జన్మంతా మోసేది అక్కేనని అమ్మ వారం రోజులుగా నూరిపోస్తోంది.

అప్పుడే గుమ్మంలోకి వెండి పళ్ళెంతో ఓ భారీ మనిషి, వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. "జర లేటైంది బావగారూ, ఏమనుకోకుండ్రి" అంటూ బాబాయిగారి చేతులకి గంధం పూసి, పన్నీరు జల్లి, వేడి ఇడ్లీలూ పెసరట్టూ కాఫీ ముందు పెట్టారు. కోదాడ వైపు నుంచి వచ్చిన వేరే పెళ్ళి తాలూకు ఆడపెళ్ళివారు. లాడ్జిలో తెల్ల పంచె కట్టుకుని బిగుసుకుని కూర్చున్న పెద్దాయన కనిపిస్తే తమ మగపెళ్ళివారే అనుకున్నారు. ఆ భారీ మనిషి మేనేజరుని ఒక్క కేక వేస్తే ఫ్యాను తిరిగింది, దుప్పట్లు మారాయి, రెండో బకెట్టు కూడా వచ్చింది. నిజం చెప్పాలి. చెబితే పళ్ళెం వెళ్ళిపోతుంది, పరువూ వెళ్ళిపోతుంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. బాబాయిగారు ఒక్క క్షణం నా వంక చూసి, ఇడ్లీ తుంచారు.

మర్నాడు పెళ్ళిలో ఆయన కనబడ్డవాళ్ళందరికీ విడిది మర్యాదంటే అదీ అని చెప్పారు. అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నేను మాత్రం ఆయన ఎదురుపడితే పక్కకి తప్పుకునేదాన్ని, చాలా ఏళ్ళు అలాగే తప్పుకున్నాను.

మొన్న ఆయనే ఫోను చేశారు. రాజమండ్రిలో మనవరాలి పెళ్ళిట, గదులు నేనే చూడాలట. ఇక ఉండబట్టలేక, ఆ రోజు పళ్ళెం మాది కాదు బాబాయిగారూ అనేశాను. ఆయన నవ్వారు. "మన పెళ్ళిళ్ళలో చేతికి గంధం ఎవరు పూస్తారమ్మా? నేను మీవాణ్ణి కాదండీ అందామని నోరు తెరిచాను. గుమ్మంలో నువ్వు ఏడుపు మొహంతో నిలబడ్డావు. ఇంకేమంటాను, ఇడ్లీ తినేశాను" అన్నారు. తర్వాత కిందకి వెళ్ళి వాళ్ళకి సంగతి చెప్పి క్షమాపణ అడిగితే, వాళ్ళు పగలబడి నవ్వి ఇంకో కాఫీ ఇచ్చారట. పెళ్ళి తేదీ ఎప్పుడో అడిగి రాసుకున్నాను.

పక్కింటి క్యాలెండరులో ఆ తేదీకి ముహూర్తం ఉందేమో చూసుకుని, రాజమండ్రి బస్సుకి బయల్దేరాను. ఇప్పుడు ఫోను వదలనిది మా నాన్న. "యాప్‌లో అయిపోయేదానికి బస్సెందుకమ్మా" అన్నాడు, స్క్రీను చూపిస్తూ. నవ్వొచ్చింది. ఒకప్పుడు ఇదే గుమ్మంలో ఫోను చూపించి నవ్విన పిల్ల గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల మీద ఉన్న కోపం ఎటు పోయిందో, ఈసారి ముద్దొచ్చింది.