ఆరున్నొక్కటి

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదనే అంటాను, కాకపోతే కాస్త గొంతు తగ్గించి. చోడవరంలో పప్పుల కొట్టు నాది. గింజ గుప్పిట్లోకి తీసుకుని చూడందే ఏ సరుకునీ నమ్మని ఇంట్లో పుట్టేను. ఎవరైనా దెయ్యం కథ చెబితే అందులో తాలెంత, గింజెంత అని చెరిగి చూసే రకం.

ముందు మా కొట్టు మాట ఒకటి చెప్పాలి. కొలిచేటప్పుడు మేం ఒకటి అనం, "లాభం" అంటాం. తర్వాత రెండు, మూడు మామూలే. ఆరు తర్వాతది మాత్రం నోట రానివ్వం. కొట్లో కూర్చుని ఏడు, ఏడు అంటే లక్ష్మి ఏడవదూ? అందుకని "ఆరున్నొక్కటి" అంటాం. కరెంటు కాటాలొచ్చి కుంచాలు అటకెక్కినా, బస్తాలు దింపించేటప్పుడు మొన్నమొన్నటి దాకా నా నోట అదే. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు కూడా సరిగ్గా ఆ అంకె దగ్గర ఇంగ్లీషులోకి దూకేసేవాణ్ణి.

మా తాతకి తాత కూడా ఇదే బాపతు. బెల్లం వర్తకం. దొరల కాలంలో చెన్నపట్నం శాసనసభలో కూర్చునేంత పెద్దవాడయ్యేడు. రావికమతం వైపు రైతుల బెల్లం అమ్మి పైకొచ్చినవాడు కాబట్టి, వాళ్ళ పన్ను తగ్గించాలని అక్కడ పట్టుబట్టేడట. తీర్మానం ఒప్పుకునేవాళ్ళు లేచి వరసగా అంకె చెప్పాలన్నారు. ఏడుగురుంటే నెగ్గుతుంది. ఆరుగురు చెప్పేరు. ఏడోవాడు మా పెద్దాయన. లేచి నిలబడి "ఆరున్నొక్కటి" అన్నాడు.

రాసుకునే గుమస్తా అరవాయన. అరవంలోనూ ఆరంటే ఆరే. ముందాయన అంకే మళ్ళీ చెప్పేడనుకుని ఆరు దగ్గరే ఆపేడు. ఇంకోసారి చెప్పమన్నారట. అంత పెద్ద సభలో ఆ పాడు మాట అనడానికి ఈయనకి నోరు రాలేదు. మళ్ళీ "ఆరున్నొక్కటి" అన్నాడు. మూడోసారి ఎవరూ అడగలేదు. తీర్మానం పోయింది. ఊరికొచ్చేక మళ్ళీ తక్కెడ పట్టలేదట. వెనక గదిలో రాతబల్ల ముందు కూర్చుని, తనలో తను లెక్కపెట్టుకుంటూనే పోయేడట.

ఇది మా ఇంట్లో చెప్పుకునే కథ. ఎంత నిజమో నాకు తెలీదు.

ఆయన పోయిన ఆ ఇంట్లో ఈ మధ్య దాకా మా వరాలు పెద్దమ్మ ఉండేది. ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. గుడ్డలు కత్తిరించేది ఆయన రాతబల్ల మీదే. ఎప్పుడు చూసినా పెదాల మధ్య గుండుసూదులు. వాటి సందులోంచే మాటలు, తిట్లు, నవ్వులు అన్నీ.

పోయిన వేసవిలో కబురు పెట్టింది. సోమవారం విశాఖపట్నంలో ఆపరేషను, ఈలోగా ఓ పనుందని. వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. కరెంటు లేదు. వీధిలో ఆటో చప్పుడు కూడా లేదు. మిషను ఆపి, మాట్లాడొద్దని వేలు చూపించింది.

వెనక గదిలోంచి వినిపించింది. మగగొంతు, పెద్దవయసు. "లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు..." అక్కడ ఆగింది. ఎవరో అందిస్తారని ఎదురుచూస్తున్నట్టు ఆగింది.

తలుపు తీసి చూసేను. పాత గోనెలు, బూజు తప్ప ఏమీ లేవు. పెరట్లోకి వెళ్ళేను. పక్కింటికి తాళం. కిటికీ అవతల గోడ.

"రోజూ ఇదే వరస బాబూ. ఆరు కాడ ఆగిపోతాడు," అంది పెద్దమ్మ. "ఆ తరవాతది నానన్నాను, ఒప్పుకోలేదు. కొట్లో కూకున్నోడు అనాల గావాల. నువ్వనీరా. నాను ఆస్పత్రికెల్తే ఈ ముసిలోడికి తోడెవులున్నారు?"

అనడానికి నోరు తెరిచేను. నాలుక కదల్లేదు. భయమో, యాభై ఏళ్ళ అలవాటో. ఆ సిగ్గు కప్పుకోడానికి నాకు తెలిసిన విద్య ఒక్కటే, బేరం.

"ఊరికే అంటారేటి? ఆ బల్ల ఇచ్చేయి, అంటాను," అన్నాను.

"ఓరి నీ బేరం తగలెయ్య! నాను పోయేక నీదే గదరా."

"పోయేక ఎవడిక్కావాలి? ఇప్పుడే ఇవ్వు."

నవ్వుతూ అన్నానని నన్ను నేను సమర్థించుకోవచ్చు. ఆవిడ నవ్వలేదు. బల్ల మీది గుడ్డముక్కలు తీసి నేల మీద పెట్టింది. "అలగే పట్టుకుపో. ఇంక అను."

"ముందు సరుకు కొట్టుకి చేరనీ," అన్నాను. మా వ్యాపారంలో అంతే కదా, సరుకు చేతికందాకే మాట. బల్ల ఆటోలో ఎక్కించుకుని వచ్చేసేను. ఆ మిగిలిన రెండు రోజులూ ఆవిడ నేల మీద గొంతుక్కూర్చుని జాకెట్లు కత్తిరించిందని తర్వాత తెలిసింది.

ఆపరేషనుకి వెళ్ళేముందు ఫోన్ చేసింది. "అన్నావేటిరా?" అని ఒక్కటే మాట. "నువ్వు రా, నీ ఎదురుగానే అంటాను," అన్నాను. అప్పుడూ బేరమే, గడువు బేరం.

ఆపరేషను బాగానే అయింది. మూడోనాడు నిద్రలోనే పోయింది.

దహనం దగ్గర నాకు కన్నీరు రాలేదు. జనం చూసేరు కూడా. పదకొండోనాడు ఇల్లు సర్దడానికి వెళ్తే, మధ్యాహ్నం అదే వేళకి మొదలైంది. లాభం. రెండు. ఈసారి నేను గది గుమ్మంలో నిలబడ్డాను. ఆరు అన్నాక ఆగింది. ఒకసారి నోరు తెరిచేను, రాలేదు. రెండోసారి గాలే వచ్చింది.

మూడోసారి "ఏడు" అన్నాను.

అంకె చెప్పేనో, నన్ను నేనే ఏడవమన్నానో నాకే తెలీదు. గుమ్మం పట్టుకుని చిన్నగుంటడిలా ఏడ్చేను.

అప్పుడు "ఎనిమిది" అని వినిపించింది.

అది ఆ ముసలాయన గొంతు కాదు. ఆడగొంతు. గుండుసూదుల సందులోంచి వచ్చినట్టు, సగం పలికీ పలక్కుండా.

ఆ తర్వాత అక్కడ ఏ చప్పుడూ లేదు. రోజూ మధ్యాహ్నం ఓ నెల్లాళ్ళు వెళ్ళి కూర్చున్నాను. ఎండదెబ్బ అన్నారొకరు, దిగులన్నారు ఇంకొకరు. నేను కాదనలేదు. నా దగ్గర చూపించడానికి సరుకేం లేదు.

బల్ల తీసుకెళ్ళి మళ్ళీ అక్కడే పెట్టేను. కొట్లో ఇప్పుడు ఏడుని ఏడనే అంటున్నాను. కొనేవాళ్ళు తలెత్తి చూస్తారు. అన్నాక నేను కాసేపు ఆగుతాను. తర్వాతది ఎవరూ అందించరు. ఎనిమిదని నేనే అనుకుంటాను.