షమీమక్క ఇచ్చిన మూల

నిన్న మా అమ్మాయి నోటుపుస్తకం చివరి పేజీలో ఏడు సున్నాలు గీసి, ఏడుగురు ఆడే రగ్బీలో ఎవరెక్కడ నిలబడతారో చూపించింది. "సారు నన్ను ముందుండి తోసే ప్రాప్‌గా ఆడమంటాండాడు. నాకు పరిగెత్తే వింగే కావాలమ్మా" అని మూతి ముడిచింది.

ఆ ఏడు సున్నాలు చూడగానే ఎమ్మిగనూరు హైస్కూల్లో మా కబడ్డీ జట్టు గుర్తొచ్చింది. సున్నంతో గీసిన గీతలు, మోకాళ్లకు అంటుకున్న నల్లమట్టి, మడిచి కట్టిన రెండు జడలు. మీకూ గుర్తున్నాయా?

అప్పుడు నాకు కూతకు పోవాలనే పిచ్చి. చప్పట్లన్నీ కూతకు పోయేవాళ్లకే కదా! పోయిన ప్రతిసారీ దొరికిపోయేదాన్ని. ఆదోనిలో మ్యాచ్‌కు ఏడుగురిని ఎంచే రోజు, నా పేరుండదని ఏడుపొచ్చింది. కెప్టెన్ షమీమక్క నన్ను పిలిచింది.

"మీ ఇంట్లో మేకపాలు ఎవరు పిండుతారే?"

"మాయమ్మ. నేను మేక కాలు పట్టుకుంటా."

"తన్నదా?"

"తంతాది. వదిలితే పాలన్నీ ఒలికిపోతాయి కదక్కా."

"ఇంగేం! మూలన నిలబడి, కూతకొచ్చినోళ్ల కాళ్లు అట్లే పట్టు."

అందరూ పగలబడి నవ్వారు. ఆదోనిలో నేను ముగ్గురి కాళ్లు పట్టాను. ఒక్కరినీ వదల్లేదు.

ఇదంతా విని మా అమ్మాయి, "అంతకుముందు ఆ మూలన ఎవరు ఆడేవారమ్మా?" అని అడిగింది.

ఇన్నేళ్లలో నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. ఆ మూల షమీమక్కదే. నన్ను నవ్విస్తూనే తన చోటు నాకిచ్చి, ఆ రోజు మ్యాచ్ అంతా నా పక్కనే నిలబడి, నా చేయి పట్టుకుని ఆడింది.