జడల వరుసలో చివరి పిల్ల

గంగారంలో మా బాలికల హాస్టల్ మెట్ల మీద పొద్దున్నే జడల వరుస ఉండేది. ఒకరి వెనక ఒకరం కూర్చుని ముందున్నవాళ్ల తల దువ్వేవాళ్లం. చిట్టచివర కూర్చునేది నా నేస్తం, తండా నుంచి వచ్చిన పిల్ల. తన వెనక ఎవరూ ఉండరు కాబట్టి తన జడలు తనే వేసుకునేది. ఆమె ముందు నేను.

తొమ్మిదో తరగతిలో ఒక మేడమ్ వచ్చి మా ఇద్దరితో పాటు ఇంకొందరికి శిక్షణ ఇచ్చింది. నెలసరి భయాలు, పరీక్షల దిగులు, అబ్బాయిల వేధింపులు, ఏదైనా తోటి పిల్లలు ముందు మాతో చెప్పుకోవాలట. మేము నవ్వకుండా వినాలి, పెద్ద విషయమైతే పెద్దవాళ్ల దగ్గరికి తీసుకుపోవాలి. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ వినమంది. పాపం, ఆవిడకు మా సంగతి తెలియదు. కళ్లలోకి చూస్తే మాలో ఒక్కరికీ నోరు పెగలదు. ఏం చెప్పుకున్నా జడ వేయించుకుంటూ, ముఖం అటు పెట్టుకునే.

శిక్షణ తీసుకున్న నాకే మొదటి కష్టం వచ్చింది. మా దంతాలపల్లిలో ఒకడు నా ఫొటో ఫోన్లో పెట్టుకుని, తనతో మాట్లాడకపోతే అందరికీ పంపిస్తానని బెదిరించాడు. నాకు అన్నం సయించేది కాదు. ఒక పొద్దున నా తలలో దువ్వెన ఆగింది.

“ఏందే, మెడ గిట్ల బిగవట్టినవ్?”

“ఏం లేదు.”

“సరే తీయ్. చెప్పబుద్ధైనప్పుడే చెప్పు. నేనైతే ఈడనే ఉంట.”

రెండో జడ అయ్యేసరికి అంతా చెప్పేశాను. చెయ్యి వదలకుండా నన్ను వార్డెన్ దాకా తీసుకుపోయింది. వార్డెన్, మా బాపు కలిసి వాడి సంగతి తేల్చారు. నా చదువు ఆగిపోకుండా నిలబడింది.

పదో తరగతిలో, దసరా సెలవులకు ఇళ్లకు పోయే పొద్దున, ఆమె నా జడ అల్లింది, విప్పింది, మళ్లీ అల్లింది.

“ఎంతసేపే, బస్సు పోతది!” అని కసిరాను.

“జర ఆగవే,” అంది.

సెలవుల తర్వాత ఆమె రాలేదు. అమ్మానాన్నలు పత్తి ఏరడానికి వలస పోతే, తమ్ముళ్లను చూసుకోవడానికి ఆమెను చదువు మాన్పించారట. ఆ పొద్దునకే ఆ సంగతి ఆమెకు తెలుసట. అందరి గోడూ విన్న పిల్లకు, తన గోడు చెప్పుకుందామంటే ఎదురుగా నా వీపు ఉంది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసినా బాగుండేది. మళ్లీ కనబడితే ముందు తన సంగతే అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇప్పుడు జనగామలో డిగ్రీ చదువుతున్నాను. మొన్న మహబూబాబాద్ బస్టాండ్‌లో ఎవరో వెనక నుంచి నా భుజం పట్టుకున్నారు.

“ఏందే, మళ్ల మెడ బిగవట్టినవ్?”

జుట్టు ముడి వేసుకుంది, చేతిలో కూలికి పోయే సంచి. నాకు ఏడుపొచ్చింది. తప్పిన సబ్జెక్టు, రూమ్‌లో గొడవలు, బాపు దవాఖాన తిప్పలు, అన్నీ వెళ్లబోసుకున్నాను. మధ్యలో అడ్డురాకుండా వింది. అంతలో ఆమె బస్సు వచ్చింది.

“పైలం, మంచిగుండు,” అంటూ ఎక్కేసింది.

బస్సు మలుపు తిరిగాక గుర్తొచ్చింది. ఆమెను నేను ఏమీ అడగలేదు.